ఏడో నంబరా, ఎనిమిదో నంబరా

ఇల్లు, వంటగది బల్ల
జూన్ 4

గోడా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో ఏదో ఒకటి అని నవ్విస్తావు, నేను అడగాలనుకున్నది అడగకుండానే పెట్టేస్తాను. అందుకే కాగితం తీసుకున్నాను.

మన కాలేజీ పాత సిమెంటు కోర్టుకి కప్పు వేసి, చెక్క నేల పరిచి కొత్తగా కట్టారట. సెప్టెంబరు ఆఖర్లో ప్రారంభం. లోపలికి వెళ్లగానే కనబడేలా పెద్ద బోర్డు పెడుతున్నారు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు మొదలైనప్పటి నుంచి ఎవరు ఏం సాధించారో అందులో ఉంటుంది. ఒకే మ్యాచ్‌లో ఎక్కువ పాయింట్లు, ఒక సీజన్‌లో ఎక్కువ పాయింట్లు, జట్టు వరుస గెలుపులు, ఇలా. ఆటల డైరెక్టరు మేడమ్ నాకు ఫోన్ చేసింది. ఆఫీసులోని పాత స్కోరు పుస్తకాలు చెదలు తినేశాయట. "మీ మూడేళ్లవీ మీ దగ్గరే ఉన్నాయని విన్నాను, నిజమేనా అమ్మా?" అంది. ఉండకేం? ఏడు పుస్తకాలు, అట్టల మీద తేదీలతో, వరసగా, ట్రంకు పెట్టెలో. ఈ మాట మా ఆయన చెవిన పడింది. "ఉప్పు డబ్బా మీద కూడా కొన్న తేదీ రాసే మనిషిని పట్టుకుని ఉన్నాయా అని అడుగుతోందా!" అని ఒకటే నవ్వు.

ఆ మూడేళ్ల రికార్డులూ సాపు రాసి, ఇవి సరైనవే అని కింద సంతకం పెట్టి పంపమంది. చాలావరకు అయిపోయింది. మనం వరుసగా గెలిచిన ముప్పై ఒక్క మ్యాచ్‌లు ఇప్పటికీ ఎవరూ దాటలేదట. ఫైనల్లో మా చెల్లి కొట్టిన ముప్పై ఎనిమిది పాయింట్లు కూడా అంతే. బోర్డు ఆవిష్కరణ దాని చేతే చేయిస్తున్నారు. తన మందుల షాపుకి వచ్చినవాళ్లకి మాత్రలతో పాటు ఈ కబురు కూడా పొట్లం కట్టి ఇస్తోంది.

ఒక చిన్న సంగతి. ఆ ఫైనల్లో అయిదు ఫౌళ్లయ్యాయని నిన్ను బయటికి పంపారు కదా. ఆ అయిదూ ఏవేవో నీకేమైనా గుర్తున్నాయా? సరిచూసుకోవడానికే అడుగుతున్నాను. తొందరేం లేదు.

నీ
బల్ల


బడి, ఆటసామాను గది
జూన్ 17

ఏమే బల్లా,

ఇరవై ఏడేళ్లయినా స్కోరు బల్ల దగ్గర నుంచి లేవలేదన్నమాట నువ్వు! మన కోచ్ మాస్టారు నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. నేను మాత్రం ఇప్పుడు గోడను కాను, రెండు తలుపుల బీరువాను. వచ్చి చూస్తే నువ్వే అంటావు.

చిరిగిన పరుపు మీద కూర్చుని రాస్తున్నాను. మా బడికి పదకొండు బంతులు ఉన్నాయి, నాలుగే గాలి నిలుపుకుంటాయి. మిగతావాటికి పొద్దున పంపు కొడితే మధ్యాహ్నానికి నా బుగ్గల్లా జారిపోతాయి.

ఫౌళ్లు గుర్తున్నాయా అంటావా? గుర్తుండకేం. మొదటి సగంలో రెండు. రెండో సగం మొదట్లో ఒకటి, వాళ్ల పొడుగు పిల్ల మోచెయ్యి పట్టుకున్నాను. ఆ మూడూ నావే. ఇంకా మూడు నిమిషాల చిల్లర ఉందనగా వాళ్ల పదకొండో నంబరు ఒంటరిగా బుట్టకేసి పరిగెడుతుంటే తెలిసే అడ్డం పడ్డాను. ఇది నాలుగోది, ఇంకొకటి మిగులుతుందిలే అన్న ధైర్యం. తీరా చూస్తే అయిదైపోయాయని మీ బల్ల దగ్గర నుంచి మోగింది. నాలుగే మాస్టారూ అని మొత్తుకున్నాను. "పుస్తకం అబద్ధం చెబుతుందా? నీ లెక్క నీకే తెలియనప్పుడు ఇంక ఆటెందుకు?" అన్నారు. వెనక వరసలో యూనివర్సిటీ జట్టుకి ఎంపిక చేసేవాళ్లున్నారు, విన్నారు. మీ చెల్లిని తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు. మధ్యలో ఆ నాలుగోది ఎప్పుడు చేశానో ఈ రోజుకీ నాకు తెలియదంటే నమ్ము.

కానీ దాన్ని నేను వృథా పోనివ్వలేదు. ప్రతి ఏడూ కొత్త జట్టుకి మొదటి రోజు చెప్పే కథ అదే. మా పిల్లలు ఫౌల్ చేస్తే వేళ్లు ఎత్తి "టీచర్, రెండు!" అని అరవాలి. పక్క బడులవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఆరేళ్లుగా మా జట్టులో లెక్క తప్పి బయటికెళ్లిన పిల్ల లేదు. నా ఆట మొత్తం మీద ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్క తప్పే.

మీ చెల్లి ముప్పై ఎనిమిదిని పెద్ద అక్షరాలతో రాయించు. నేను చూడ్డానికి వస్తాను.

నీ
గోడ


ఇల్లు, వంటగది బల్ల
జూన్ 29

గోడా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది.

నీ లెక్క సరైనదే అనుకుంటాను.

పుస్తకంలో ఆ పేజీ తీసి చూశాను. ఆట ముగియడానికి అయిదు నిమిషాల నలభై సెకన్లు ఉందనగా ఒక ఫౌల్ ఉంది. మన బుట్ట కింద ముగ్గురు నలుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు. రిఫరీ ఈల వేసి, బల్లకేసి తిరిగి వేళ్లతో నంబరు చూపించాడు. ఒక చేత్తో అయిదు, రెండో చేత్తో రెండు అయితే ఏడు, అంటే మా చెల్లి. మూడు అయితే ఎనిమిది, నువ్వు. ఆ రోజు ఎంత గోలగా ఉందో నీకు తెలుసు. నేను ఎనిమిది కింద గీశాను. అదే నీకు తెలియని నాలుగోది. ఎన్నో ఫౌలో పైకెత్తి చూపించే అంకెల అట్టలు ఆ ఊళ్లో లేకపోవడంతో నీకు తెలిసే దారి కూడా లేకపోయింది.

పొరపాటు జరిగిందేమోనని అప్పట్లోనే అనుమానం వచ్చింది. అడగలేదు. అది నా తప్పే. నన్ను క్షమించు.

నీ
బల్ల


బడి, ఆటసామాను గది
జూలై 6

బల్లా,

పొరపాటా?

నీ చేతిరాత నాకు తెలుసు. మూడేళ్లలో ఆ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. రిఫరీలే వచ్చి నీ పుస్తకం చూసి వాళ్ల కార్డులు దిద్దుకునేవాళ్లు. బస్సులో అందరం పాటలు పాడుతుంటే నువ్వు వేళ్లు ముడుస్తూ కూడికలు సరిచూసేదానివి.

రెండు అడుగుతాను. ఆ బల్ల దగ్గర నీ పక్కన అవతలి కాలేజీ స్కోరరు కూడా ఉండేది కదా, సోడాబుడ్డి కళ్లద్దాల పిల్ల. ఆమె ఏం రాసింది? ఆ గీత గీసేటప్పటికి మీ చెల్లికి ఎన్ని ఫౌళ్లున్నాయి?

ఈ వారం కొత్త జట్టు మొదలైంది. మొదటి రోజు కథ చెప్పలేకపోయాను. పరుగులు పెట్టించి పంపేశాను.

గోడ


ఇల్లు, మేడ మీద బట్టలు ఆరేసే చోటు
జూలై 15

గోడా,

ఇవాళ కింద కూర్చోలేకపోయాను. మా ఆయన ఏమైందని అడుగుతూ రెండుసార్లు వచ్చారు.

మా చెల్లికి అప్పటికి నాలుగు ఫౌళ్లున్నాయి. అయిదోది పడితే బయటికే.

రిఫరీ చూపించింది ఏడు. నేను స్పష్టంగా చూశాను. గోల అని రాశాను కదా, గోల చెవులకి, కళ్లకి కాదు. అవతలి పిల్ల అప్పుడు కింద పడ్డ పెన్సిల్ తీసుకుంటోంది. తల ఎత్తి, "ఏడా? ఎనిమిదా?" అని నన్నే అడిగింది. "ఎనిమిది" అన్నాను. మారు మాట్లాడకుండా రాసుకుంది. నేనంటే అందరికీ అంత నమ్మకం.

ఎందుకు చేశానో కూడా చెప్పాలి. అది ఇంకా సిగ్గుగా ఉంది. చెల్లి మీద ప్రేమతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. అంతకు పన్నెండేళ్ల కిందట ఎవరో సీనియరు ఒకే మ్యాచ్‌లో ముప్పై మూడు పాయింట్లు కొట్టింది. ఆ అంకె కాలేజీలో ఒక్కరికీ గుర్తులేదు, పాత పుస్తకాలు తిరగేసే నాకు తప్ప. ఈల మోగేటప్పటికి మా చెల్లి ముప్పై మీద ఉంది. ఇంకో రెండు బుట్టలు పడితే చాలు. ముప్పై నాలుగు అన్న అంకె నా చేత్తో రాయాలని ఉంది నాకు. నేను ఎప్పుడూ బంతి పట్టుకోలేదు, గోడా. మీరందరూ ఆడారు, నేను రాశాను. ఒక్క రికార్డయినా నా పుస్తకంలో పుట్టాలనిపించింది. దానికి నీ గడిలో గీత గీశాను. నీకు మూడే ఉన్నాయి కదా, నాలుగైతే నీకేం కాదులే అనుకున్నాను. నువ్వు ఆ ఒక్కదాని మీద లెక్క కట్టుకుని ఆడతావని నాకు తట్టలేదు. రెండున్నర నిమిషాల తర్వాత నువ్వు అడ్డం పడ్డావు, నేనే బజరు నొక్కాను. నువ్వు మాస్టారితో నాలుగే అని ఏడుస్తుంటే పుస్తకం వైపు చూస్తూ కూర్చున్నాను. మనం డెబ్బై ఒకటి, అవతలివాళ్లు అరవై తొమ్మిది. దాని ఆఖరి ఎనిమిది పాయింట్లు, ఆ ముప్పై ఒకటో గెలుపు, రెండూ నా పెన్సిల్ చేసినవే.

నిన్న మందుల షాపుకి వెళ్లాను. చెల్లి మాత్రల అట్టలు సర్దుతోంది. ఆ ఫౌల్ నీది అన్నాను. ఏ ఫౌల్ అని అడగలేదది.

"ఇప్పుడెందుకక్కా?" అంది.

"నీకు తెలుసా?"

"నా చెయ్యి ఎవరికి తగిలిందో నాకు తెలియదా? అయిదైపోయాయి, ఇక పోవడమే అనుకుని నీకేసి చూశాను. నువ్వు తల ఎత్తలేదు. అక్క చూసి ఉండదులే అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉంది, ఆడేశాను."

"గోడని పంపించేశారే."

"చూశాను కదా." కాసేపు అట్టలు లెక్కపెట్టింది. తర్వాత, "నా ముప్పై ఎనిమిదిలో నావెన్ని?" అని అడిగింది.

"ముప్పై."

"ఆ మాట నువ్వనకు!" అని అంత గట్టిగా అరిచిందంటే దగ్గు మందు కోసం వచ్చిన ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

డైరెక్టరు మేడమ్‌కి జరిగింది రాసేశాను. ఆ పేజీ కింద సంతకం పెట్టనని చెప్పాను. ఈసారి నిన్ను ఏమీ అడగడం లేదు.

బల్ల


బడి, టీచర్ల గది
ఆగస్టు 2

బల్లా,

బాధంతా యూనివర్సిటీ జట్టు గురించి అని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. కాదు. తీసుకుంటే మరో రెండేళ్లు ఆడేదాన్ని, మీ చెల్లిలా మోకాలు విరగ్గొట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. అది ఎటు తిరిగేదో ఎవరికి తెలుసు.

నావి నాలుగే అని నాకు గట్టిగా తెలుసు. వేలు వేలుగా తెలుసు. పుస్తకం అయిదు అంది. పుస్తకం నీది, కాబట్టి తప్పు నా బుర్రదే అని ఒప్పేసుకున్నాను. ఆ రోజు నుంచి నా బుర్రని నేను నమ్మలేదే. ఇంటికి తాళం వేసి వీధి చివర దాకా వెళ్లి వెనక్కొచ్చి లాగి చూస్తాను, రోజుకి మూడుసార్లు. పిల్లల హాజరు రెండుసార్లు పిలుస్తాను. మా ఆయనతో గొడవ పడి, సరైన మాట నాదే అయినా, ఏమో నేనే మర్చిపోయానేమో అని నోరు మూసుకుంటాను. ఇరవై ఏడేళ్లు! నువ్వు ముప్పై నాలుగు అని రాసుకోవడానికి!

పైగా మొదటి ఉత్తరంలో "సరిచూసుకోవడానికే" అన్నావు. నాకు గుర్తులేకపోతే నువ్వు సంతకం పెట్టి పంపేసేదానివి. అవునా, కాదా? జవాబు రాయక్కర్లేదు, నాకు తెలుసు.

నిన్న పిల్లల్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పాత కథ, దాని కింద ఉన్న కథ. కెప్టెన్ పిల్ల, "అయితే టీచర్, మీరు కరెక్టే కదా, మరి ఏడుస్తారెందుకు?" అంది. వెనక నుంచి ఇంకోటి, "ఆవిడని పట్టుకొచ్చి కోర్టు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించండి టీచర్" అంది. ఆవిడ మోకాళ్లకి రెండు కూడా కష్టమే అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

లెక్క అరిచే నియమం ఉంచాలా తీసేయాలా అని అడిగాను. ఉంచమన్నారు. ఇకమీదట కెప్టెన్ బల్ల దగ్గరికి కూడా వెళ్లి పుస్తకం చూసి వస్తుందట. అది వాళ్లే చేర్చారు.

నేను రాసేదాకా నువ్వు రాయకు.

గోడ


ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 25

గోడా,

రాయొద్దన్నావు. కానీ ఈ సంగతి నీకు ఇంకెవరి ద్వారానో తెలియకూడదని రాస్తున్నాను. చిన్న ఉత్తరమే.

నువ్వు అడిగిందానికి, అవును. నీకు గుర్తులేదని రాసి ఉంటే సంతకం పెట్టేసేదాన్ని.

డైరెక్టరు మేడమ్ జవాబిచ్చింది. మ్యాచ్ అయ్యాక రిఫరీ సంతకం పెట్టిన పేజీని ఎవరూ మార్చలేరట, రాసిన మనిషే వచ్చి తప్పు రాశానన్నా సరే. బోర్డు మీద ముప్పై ఎనిమిదీ ఉంటుంది, ముప్పై ఒక్క గెలుపులూ ఉంటాయి. నా ఉత్తరం ఫైల్లో పెడతారట. ఫోన్లో మెల్లగా, "పోనీలెండమ్మా, ఇన్నేళ్ల నాటి సంగతి" అంది. తిడుతుందేమోనని నిలబడి మాట్లాడాను. ఆ మాట విని కూర్చుండిపోయాను.

నీ పేరుతో ఏదైనా రికార్డు ఉంటుందని ఏడు పుస్తకాలూ మొదటి నుంచి చివరి దాకా వెతికాను. లేదు. బుట్టకి తగిలి వెనక్కొచ్చిన బంతుల్లో సగం నువ్వే పట్టేదానివి, నీ చేతిలోంచి పోయే బంతితోనే మా చెల్లి బుట్ట వేసేది. దేన్నీ రాయలేదు. నా పుస్తకంలో దానికి గడే లేదు. నీకంటూ నేను రాసినవి ఫౌళ్లే, వాటిలోనూ ఒకటి నీది కాదు.

చెల్లి ఆవిష్కరణకి రానని కాలేజీకి చెప్పేసిందట. నాతో ఇంకా మాట్లాడలేదు.

బల్ల


బడి, ఆటసామాను గది
సెప్టెంబరు 11

బల్లా,

క్షమించానని రాయలేను. రాస్తే అది నీ రాత లాంటిదవుతుంది, చక్కగా ఉంటుంది, నిజం కాదు.

బోర్డు సంగతి నాకు ముందే తెలుసు. నేనూ రిఫరీ పరీక్ష పాసైనదాన్నేలే, ఆ నియమం నేనే పిల్లలకి చెబుతాను. బోర్డు నాకు వద్దు.

నాకు కావాల్సింది వేరే ఉంది. ఆ ఆట నాకు సరిగా గుర్తులేదు. ఇన్నేళ్లూ దాన్ని తల్చుకున్న ప్రతిసారీ అది ఒక్క ఈలతో మొదలై అక్కడే ఆగిపోయేది. ముందు జరిగిన ముప్పై అయిదు నిమిషాలూ నేను బాగానే ఆడానని ఎవరో అన్నారు, మాస్టారే అనుకుంటాను. నిజమో కాదో తెలియదు. నీ దగ్గర ప్రతి నిమిషం ఉంది. ఆ పుస్తకం పట్టుకుని రా. మొదటి గీత నుంచి వరసగా చదివి వినిపించు. మధ్యలో సంజాయిషీ చెప్పకు, ఏడవకు. అయిదు నిమిషాల నలభై సెకన్ల దగ్గరికి వచ్చాక నేనేమంటానో నాకే తెలియదు. లేచి వెళ్లిపోవచ్చు. నిన్నే వెళ్లిపొమ్మనొచ్చు.

ఇరవై ఏడో తేదీ నాకు సెలవు. అది ప్రారంభం రోజేనని తెలుసు, తెలిసే అంటున్నాను.

గోడ


ఇల్లు, వంటగది బల్ల
సెప్టెంబరు 18

గోడా,

ఇరవై ఏడు పొద్దున పదిన్నర బస్సుకి దిగుతాను. పుస్తకం ఎలా ఉందో అలాగే తెస్తాను. దిద్దలేదు, పక్కన ఏమీ రాయలేదు.

నిన్న సాయంత్రం చెల్లి షాపు కట్టేసి నేరుగా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా, "ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడిగింది. నీ ఉత్తరం ఇచ్చాను. చదివి మడిచి నా చేతిలో పెట్టింది. "ముప్పై అయిదు నిమిషాలు నువ్వు చదువు. ఆ గీత దగ్గరికి వచ్చాక నువ్వు ఆగు, నేను చెబుతాను. ఆ ఎనిమిది పాయింట్లు ఎలా వేశానో తనకి తెలియాలి. తను బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే నేను చూస్తూనే వేశానక్కా" అంది. వద్దన్నాను. "నువ్వెవరు వద్దనడానికి?" అంది.

నువ్వు రమ్మన్నది నన్ను ఒక్కదాన్నే. ఆ సంగతి దానికి చెప్పాను. అయినా వస్తుంది. ఇద్దరం మీ గుమ్మం బయటే నిలబడతాం. ఎవరిని లోపలికి పిలుస్తావో, అసలు పిలుస్తావో లేదో, నీ ఇష్టం.

బల్ల